మేస్త్రి తడిపిన కట్టు

నాకు కోపం బిన్నే, ఇట్టే వస్తాది. చిన్నప్పుడు మా అమ్మ చెప్పి చెప్పి విసిగిపోయింది, మొగుడు పోయినాక ఊరోళ్ళు చెప్పి చూసినారు, ఉద్యోగంలో చేరినాక డాక్టర్లు చెప్పినారు. ఏం లాభం? కాన్పు గదిలో పక్కన నిలబడి శోకాలు పెట్టే ఆడోళ్ళను బయటికి తరమాలంటే నాకు ఆ కోపమే పనికొచ్చేది. అందుకే దాన్ని పోగొట్టుకోవాలని నేను కూడా జాస్తి తిప్పలు పడలేదు.

నిడుగల్లు దుర్గం కింద, పావగడ తాలూకాలోనే, ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నేను మిడ్‌వైఫుగా ఉండేదాన్ని. మైసూరు మహారాజుల కాలం. యాడనో యుద్ధం నడుస్తా ఉండింది, మాకు ఈడ కిరసనాయిలు దొరకడం కష్టమయింది. యుద్ధం గురించి మాకు తెలిసిందంతా అదే. ఆసుపత్రంటే రెండు గదులు, ఒక మందుల బీరువా, ముందర బోదగడ్డి కప్పిన కొట్టం. ఊరోళ్ళు నన్ను నర్సమ్మా అని పిలిచేవాళ్ళు. డాక్టరు గారు మైసూరు పక్కనుంచి కొత్తగా వచ్చినాడు. నాకంటే చిన్నోడు, మంచోడు. ఆయనది పుస్తకాల కన్నడం. మావోళ్ళకు కన్నడం రాక కాదు, సంతలో బేరానికీ కచ్చేరీలో మాటకూ బాగానే వస్తాది. నొప్పి పుట్టినప్పుడు మాత్రం నోట్లో తెలుగొక్కటే మిగుల్తాది. అందుకని ఆయన రోగికి అంతా చెప్పి, ఆఖర్న నా పక్క తిరిగి, నువ్వు కొంచెం అర్థమయ్యేట్టు చెప్పమ్మా అనేవాడు. ఆ 'కొంచెం'లోనే నా తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ ఏడు సర్కారు మా ఆసుపత్రికి వరండా మంజూరు చేసింది. బోద కొట్టం పీకేసి రాతి కమాన్లు కట్టాల, నడుమ ఒక పెద్దది, అటూ ఇటూ రెండు చిన్నవి. పని పట్టింది మా ఊరి గుత్తదారు. కట్టేది మాత్రం మా వీధి చివర ఉండే గార పని మేస్త్రి. యాభై దగ్గర పడిన మనిషి, సన్నంగా చువ్వ మాదిరి ఉంటాడు, పలకరిస్తే చాలు సున్నం గురించే మాట్లాడతాడు. సున్నం ముద్దను బొటనవేలితో నలిపి, వాసన చూసి, నాలిక మీంద కూడా పెట్టుకునేవాడు. నేను చూసినప్పుడల్లా తిట్టేదాన్ని. నవ్వి మళ్ళీ పెట్టుకునేవాడు.

రథసప్తమి అయిన మర్నాడు పొద్దున్నే నడిమి కమానుకు నెత్తిన బిగించే ఆఖరి రాయి కొట్టినాడు. రాళ్ళన్నీ కింద కొయ్య అచ్చు మీంద కూర్చోని ఉండాయి, సందుల్లో గార నింపినారు. ఇంక దిగుదామని సారువ మీంద కాలు పెట్టినాడు, వెదురు కట్టిన తాడు జారింది. నేను లోపల ఒక నెలలు నిండిన పిల్ల కడుపు చూస్తా ఉండాను, దబ్బుమని చప్పుడయింది. పరుగెత్తి వస్తే మేస్త్రి సున్నం కుప్పలో కూర్చోని ఉండాడు, తలనుంచి కాలిదాకా తెల్లగా. కుడి చెయ్యి మణికట్టు కాడ వంకర తిరిగి ఉండాది. దాన్ని చూసుకోవడం లేదు. మెడ పైకెత్తి అచ్చు పక్కే చూస్తా ఉండాడు.

"చూడమ్మా, కమాను కదిలిందా?" అని అడిగినాడు.

నీ చెయ్యి విరిగింది కదప్పా, కమాను గోలేంది నీకు అని అరిచినాను. అయినా గూడా మెడ దించలేదు. కదల్లేదని గుత్తదారు వచ్చి చెప్పినాకనే లేచినాడు.

మేస్త్రి భార్య అప్పుడే ఏడ్చుకుంటా వచ్చింది. నాటు వైద్యుడి దగ్గరికి తీసకపోదాం, గుడ్డు సొన, ఉద్దిపిండి పట్టు వేస్తాడు అని పట్టుబట్టింది. డాక్టరు గారు బెంగుళూరు పెద్దాసుపత్రిలో నేర్చుకుని వచ్చిన మనిషి, ఒక డబ్బా తెల్ల పొడి కూడా తెచ్చుకున్నాడు, దాన్ని వాడే అవకాశం ఎప్పుడొస్తాదా అని కాచుకోని ఉండాడు. గుడ్డ పట్టీలకు ఆ పొడి రుద్ది చుట్టిపెట్టింది నేనే. మత్తు సూది వేసి, గుత్తదారు మోచెయ్యి పట్టుకుంటే, నేను వేళ్ళు పట్టి లాగినాను, డాక్టరు గారు ఎముక సరిగ్గా కూర్చోబెట్టినాడు. పట్టీలు నీళ్ళలో ముంచి, పిండి, చేతికి చుట్టినాము. ఏడుస్తాడేమో అనుకుంటే, మేస్త్రి ఆ మత్తులోనే కండ్లు చిన్నవి చేసి పట్టీలనే చూస్తా ఉండాడు. చుట్టినది వెచ్చనై, గట్టిపడతా ఉంటే మొగం వెలిగిపోయింది. ఎడమచేత్తో బల్ల మీంద రాలిన పొడి చిటికెడు తీసి నాలిక మీంద పెట్టేసుకున్నాడు.

"సున్నమే," అన్నాడు. "బలే జల్లెడ పట్టినారు."

డాక్టరు గారు చెప్పాల్సిందంతా చెప్పినాడు. కట్టు తడవగూడదు, మెడలో గుడ్డకు వేలాడెయ్యాల, బరువు ఎత్తగూడదు, వేళ్ళు మాత్రం ఆడిస్తా ఉండాల, ఆరు వారాలు. నేను వారాలను తీసేసి కాముని పున్నమి దాకా అని చెప్పినాను, తక్కినవి చెప్పింది చెప్పినట్టే చెప్పినాను. మొగుడూ పెండ్లామూ బుద్ధిగా తలకాయలు ఊపినారు. ఆ ఊపడం చూసి నమ్మినోళ్ళం మేము.

మాఘ పున్నమినాడు మళ్ళీ చూపించుకుందామని వచ్చినారు. ముందర మేస్త్రి, పెండ్లికొడుకు మాదిరి నవ్వుకుంటా. వెనక భార్య, చంకలో బిందె. మేస్త్రి చేతికి మోచేతి నుంచి వేళ్ళ దాకా గోనెసంచి చుట్టి, పైన వరిగడ్డి తాడుతో కట్టినారు. గోనెలో నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారతా ఉండాయి.

ఏందప్పా ఇది అని అడిగినాను. మేస్త్రి చానా ఓపిగ్గా, తెలీనోళ్ళకు చెప్పినట్టు చెప్పినాడు. సున్నం పని ఏదైనా తడి ఆరనియ్యగూడదంట. కొత్త గారకు గోనె చుట్టి పూటపూటకూ తడపకపోతే పైకి గట్టిగా కనబడి లోపల పిండి పిండి అయిపోతాదంట. డాక్టరు గారు చదువుకున్నోడే గానీ చిన్నోడు, సున్నం పని ఆయనకేం తెలుస్తాది, తడపగూడదని తెలీక చెప్పినాడు, ఎదురు చెప్తే నొచ్చుకుంటాడని గమ్మున పోయినాను అన్నాడు. భార్య అందుకునింది. కపిలె బావి కాడి నుంచి మోసి మోసి నడుము పడిపోయిందక్కా, పొద్దున కమానుకు ఒక బిందె మొగునికి ఒక బిందె, సాయంత్రం మళ్ళీ కమానుకు ఒకటి మొగునికి ఒకటి అని చెప్పింది. వానల్లేక బావిలో నీళ్ళే అడుగంటి ఉండే కాలం అది.

గోనె విప్పితే లోపల కట్టు లేదు. అంబలి ఉండాది. చెయ్యి నానిపోయి ముడతలు పడి, తెల్లగా పాలిపోయి, వాసన కొడతా ఉండాది. డాక్టరు గారు ఇంగ్లీషులో ఏదో అన్నాడు, అది మంచి మాట కాదని మాత్రం నాకు తెలిసింది. నేను తెలుగులో అన్నాను. నీ పాసుగూలా, తడపొద్దని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తిమి కదప్పా, నీకు చెవులుండాయా లేవా అని మొదలుపెట్టి, ఊపిరి అందేదాకా తిట్టినాను. మేస్త్రి చిన్నబుచ్చుకుని తల దించుకున్నాడు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు, తప్పేం చేసినానా అని. తన పనిలో ఎంత శ్రద్ధగా ఉంటాడో అంత శ్రద్ధగా చేసినాడు పాపం.

అదృష్టం, ఎముక జాస్తి కదల్లేదు. డబ్బాలో మిగిలిన పొడంతా ఊడ్చి ఇంకొక కట్టు కట్టినాము. ఇది కూడా కరిగిందంటే ఇంక పొడి లేదు, యుద్ధంలో బెంగుళూరు నుంచి ఎప్పుడొస్తాదో తెలీదు, చెయ్యి వంకరగా అతుక్కుంటాది, ఆ చేత్తో తాపీ పట్టలేడు అని డాక్టరు గారు నాకు చెప్పినాడు. చెప్పి, నువ్వు కొంచెం అర్థమయ్యేట్టు చెప్పమ్మా అన్నాడు. ఇప్పుడు లెక్క ఉగాదికి జరిగింది.

మేస్త్రి లేచి పోకుండా బల్ల మీందనే కూర్చున్నాడు. ఉగాది అనంగానే మొగం నల్లబడిపోయింది. ఏందప్పా అంటే మెల్లగా చెప్పినాడు. తాలూకా అమల్దారు గారు ఉగాదికి వరండా చూసేదానికి వస్తాడంట. అంతలోపల కమాను కింద అచ్చు విప్పాలంట. నీ చెయ్యి బాగుపడకపోతే హిందూపురం నుంచి ఇంకొక మేస్త్రిని పిలిపిస్తానని గుత్తదారు అప్పుడే చెప్పేసినాడంట. విప్పితే విప్పనీ, కట్టింది నువ్వేనని ఊరంతా తెలుసు కదా అన్నాను. అట్ల కాదమ్మా అన్నాడు. వాళ్ళ పనిలో ఒక కట్టడి ఉండాదంట. కమాను కట్టినోడే తన చేత్తో కింది చెక్క చీలలు కొట్టి అచ్చు దింపాల, దింపేటప్పుడు దాని కిందనే నిలబడాల. పడితే తన నెత్తిన పడాల. ఇంకొకడు దింపినాడంటే కమాను వానిదైపోతాది, కట్టినోడు ఇంక జన్మలో కమాను కట్టగూడదు. వాళ్ళ నాయన కూడా అట్లనే నిలబడినాడు, తాత కూడా నిలబడినాడు అని చెప్పి, కట్టు మీంద ఎడమ చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. నా కోపం యాడికి పోయిందో పోయింది.

రా అప్పా అని లేపి, నడిమి కమాను కిందికి తీసకపోయినాను. మొదట నువ్వు చెప్పు నాకు, ఈ అచ్చు ఎందుకు పెట్టినావు అని అడిగినాను. పాఠం చెప్పమంటే సంతోషించే మనిషి కదా, మొగంలో కళ వచ్చింది. గార పచ్చిగా ఉండేదాకా రాళ్ళు తమంతట తాము నిలబడలేవు, యాడివి ఆడ పట్టుకోని ఉండేదానికి అచ్చు అన్నాడు. గార ముదిరినాక అచ్చు తీసేస్తాము, దాంతో పని లేదు అన్నాడు.

"అచ్చుకు నీళ్ళు పోసి తడుపుతారా?"

"అచ్చుకు ఎవురు పోస్తారమ్మా? తడిసి మెత్తబడిందంటే కమాను కూలిపోదా?"

"నీ చేతి మీంద ఉండేది గార కాదప్పా," అన్నాను. "అది అచ్చు."

మేస్త్రి తన చెయ్యి పక్క చూసినాడు. అచ్చు పక్క చూసినాడు. మళ్ళీ చెయ్యి పక్క చూసినాడు. వెనక గోడ కాడ భార్య బిందె కింద పెట్టేసింది.

మరి గార యాడుండాది అని అడిగినాడు. లోపల ఉండాది, ఎముకకూ ఎముకకూ నడుమ అన్నాను. ఎవురు పోసినారు అన్నాడు. నీ ఒళ్ళే పోసుకుంటా ఉండాది, మేము రాళ్ళు సరిగ్గా పేర్చి అచ్చు బిగించినాము అంతే అన్నాను. అయితే లోపలి గారకు తడుపెట్ల అన్నాడు. ఆ ప్రశ్న రాకుండా ఉంటాదా. తినేది తాగేది అంతా రక్తమై ఆడికే పోతాది, అదే తడుపు అని చెప్పినాను. డాక్టరు గారు గుమ్మంలో నిలబడి వింటా ఉండాడు. భాష తెలీకపోయినా మేస్త్రి మొగం చూసి నవ్వినాడు.

ఆ దినం నేను గెలిచినానని అనుకున్నాను. మేస్త్రితో గెలవడం అంత సులభం కాదు. తడుపు నోట్లోనుంచి పోతాదని తెలిసినాక పొద్దున చెంబుడు అంబలి, మధ్యాన్నం ముంతెడు మజ్జిగ, సాయంత్రం మళ్ళీ అంబలి. ఎవురింటి ముందర నిలబడినా, తాగేదానికేమన్నా ఇయ్యమ్మా, గార ముదరాల అని అడిగేవాడు. కడుపు కుండ మాదిరి ఉబ్బింది, ఊరికే కంచె వెనక్కి పరుగెత్తేవాడు. భార్య వచ్చి నా ముందర తలకొట్టుకునింది. ముందర బావి కాడి నుంచి ఇంటికి నీళ్ళు మోసినాను, ఇప్పుడు దారంతా మనిషినే మోయాల్సి వస్తాదేమో అక్కా అనింది. దానికి తోడు కుడి చేత్తో తినలేడు, ఎడమ చేత్తో తింటే మర్యాద కాదు, సంగటి ముద్ద ఆమే తినిపించాల. కోడండ్ల ముందర ఆయనకు ఎంత సిగ్గో. నోరు తెరవమంటే తల తిప్పుకునేవాడంట, చంటిబిడ్డకన్నా అన్యాయం అని చెప్పి ఆమె ఏడవలేక నవ్వింది. నేనూ నవ్వినాను. ఏం చేస్తాము.

శివరాత్రి పోయినాక డాక్టరు గారు మేస్త్రి వేళ్ళు చూసి మొగం ముడుచుకున్నాడు. కట్టులోనుంచి బయటికుండే అయిదు వేళ్ళూ ఉబ్బి, బిగుసుకుపోయి ఉండాయి. ఆడించమంటే ఒక్కటి కూడా వంగలేదు. వేళ్ళు ఆడియ్యమని మొదటినాడే చెప్పినాము కదప్పా అన్నాను. మేస్త్రి నన్ను జాలిగా చూసినాడు. నువ్వే కదమ్మా అచ్చు అన్నావు, గార పచ్చిగా ఉన్నప్పుడు అచ్చును తాకినోడు ఎవుడన్నా బాగుపడినాడా, నేను పండుకున్నా కూడా వేలు కదిలియ్యలేదు అన్నాడు. దారిన పోయే మేకపిల్లను కూడా ఆ చేతి దగ్గరికి రానియ్యలేదంట.

నా మాట నాకే తిరగబడింది. రోట్లో తల పెట్టినదాన్ని మాదిరి కూర్చున్నాను. ఏం చెప్తే ఈ మనిషి బుర్రకెక్కుతాదా అని చూస్తా ఉంటే, ఎద్దులతో కపిలె తోలేవాళ్ళు కనబడినారు. బావిలో నీళ్ళు తక్కువై కొన్నాళ్ళుగా కపిలె ఆపేసినారు, నీళ్ళు తోడే తోలు బాన గట్టు మీంద ఎండిపోయి చెక్కయి ఉండాది. మేస్త్రిని ఆడికి తీసకపోయి దాన్ని వంచమన్నాను. వంగలేదు. ఇది మంచి తోలే కదా, ఎందుకిట్లయింది అని అడిగినాను. వాడకపోతే బిగుసుకోదా అన్నాడు.

"వేళ్ళు కమాను కాదప్పా. కమాను మణికట్టు కాడ అయిపోయింది. వేళ్ళు ఈ తోలు. రోజూ వంచకపోతే రేపు కట్టు విప్పినా తాపీ పట్టుకోలేవు."

తాపీ మాట వినంగానే పని జరిగింది. ఆ దినం నుంచి మా ఆసుపత్రి మెట్ల మీంద కూర్చోబెట్టి, ముందర చాటలో శెనిక్కాయలు పోసి, ఆ వేళ్ళతోనే వొలిపించినాను. దావన పోయే ఆడోళ్ళు ఊరుకుంటారా? మేస్త్రికి కూలికి పిలుపులొచ్చినాయా, మా ఇంట్లో కూడా రెండు మూటలుండాయి అని ఒకటే ఎగతాళి. మొదటి దినం ఒక్క కాయ వొలిచేదానికి ఆయన నుదుటి మీంద చెమట పట్టింది. తర్వాత్తర్వాత చాట ఖాళీ చేసి, గింజలు సగం నమిలేసి, తడుపు అనేవాడు. వాపు దిగింది.

ఉగాది ముందర కట్టు కోసినాము. నేను కత్తెర పట్టుకుంటే ఊరంతా గుమ్మం కాడనే ఉండాది. విప్పి చూస్తే, చెయ్యి ఎండిన కట్టె మాదిరి సన్నబడి, పొట్టు లేస్తా, వెంట్రుకలు నల్లగా లేచి ఉండాది. మణికట్టు చక్కగా, వంకర లేకుండా ఉండాది, డాక్టరు గారికి సంతోషం పట్టలేదు. మేస్త్రికి మాత్రం గుండె జారిపోయింది. తిప్పి చూసుకోబోయినాడు, తిరగలేదు. పక్కనే తాపీ పెట్టుకోని వచ్చినాడు పాపం, ఎత్తబోయినాడు, జారి కింద పడింది. 

నా అచ్చు మీంద కమాను నిలిచింది, నీ అచ్చు లోపల నిలవలేదమ్మా అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే తిట్టి పంపేదాన్ని. అంత మెల్లగా అంటే ఎట్ల తిట్టేది? తాపీ తీసి భార్య చేతికిచ్చి ఇంటికి పోయినాడు.

సాయంత్రం వాళ్ళింటికి నేనే పోయినాను. మంచం మీంద గోడ పక్కకు తిరిగి పండుకోని ఉండాడు. లేయప్పా, ఒకటి అడగాల అన్నాను. కమాను అచ్చు దింపినాక ఆ దినమే మిద్దె బరువంతా దాని మీంద వేస్తావా అని అడిగినాను. వెయ్యను, వరస వరసగా ఎత్తుకుంటా పోవాల అని గోడకే జవాబు చెప్పినాడు. మరి నీ చేతికి ఒక్క వరస కూడా కట్టకుండానే కూలిందంటావేంది అన్నాను. నీళ్ళు కాచమని భార్యకు చెప్పి, గోరువెచ్చని నీళ్ళ గంగాళం మంచం పక్కన పెట్టించినాను. చెయ్యి ఇందులో ముంచు, ముంచి మెల్లగా తిప్పు, పొద్దున సాయంత్రం, ఇప్పుడు తడుపుకో నీ ఇష్టం అన్నాను.

మేస్త్రి ఇటు తిరిగినాడు. అచ్చు కట్టినప్పుడు తడపొద్దంటిరి, అచ్చు విప్పినాక తడపమంటారా, ఇదేం పని తీరమ్మా అన్నాడు. భార్యకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో పెట్టుకునింది. మేస్త్రికి కూడా మూతి కదిలింది. చెయ్యి నీళ్ళలో పెట్టినాడు.

గుత్తదారు మాత్రం ఉగాది ఉగాది అని చెవిలో జోరీగ మాదిరి ఉండాడు. హిందూపురం మేస్త్రికి కబురు కూడా పంపబోతా ఉండాడని తెలిసి నేను ఆయన ఇంటికి పోయి, పడసాలలో చాప మీంద కూర్చున్నాను. ఆయన చిన్న కోడలికి అప్పుడు నెలలు నిండుతా ఉండాయి. కోడల్ని పిలిచి కడుపు చూసి, బాగుండాది తల్లీ అని చెప్పి, అప్పుడు ఆయన పక్క తిరిగినాను. కమానుకు హిందూపురం నుంచి మనిషిని తెప్పిస్తా ఉండావంట కదప్పా, మంచిది, కాన్పుకు కూడా ఆడి నుంచే ఇంకొక మిడ్‌వైఫును తెప్పించు, నాకేమో ఒంట్లో బాగాలేదు అన్నాను. ఆయన భార్య లోపలి నుంచి ఒంటికాలి మీంద లేచింది, నా మీంద కాదు, మొగుని మీంద. అమల్దారు గారికి గార ఇంకా పచ్చిగా ఉండాదని కబురు పోయింది. ఆయనకు కూడా జమాబందీ, శిస్తు లెక్కల పని మీంద పడి ఉండింది, అక్షయ తదియ దాకా గడువు దొరికింది. ఇది న్యాయమా అని అడగొద్దు. దొరికింది, అంతే.

మేస్త్రి రోజూ పొద్దున నీళ్ళలో చెయ్యి తిప్పుకుని ఆసుపత్రి కాడికి వచ్చేవాడు. మొదట ఖాళీ తాపీ ఎత్తి దించడం. తర్వాత తాపీ మీంద చిటికెడు మట్టి. తర్వాత ఇటిక. ఏ దినానికా దినం కొత్త వరస లేచిందమ్మా అని నాకు చెప్పి పొయ్యేవాడు. ఒక దినం నాకు చెప్పకుండా సుత్తి పట్టుకుని మొద్దు మీంద కొడతా ఉంటే చూసి అరిచినాను. చీల దింపేదానికి తాపీ సరిపోతాదా అమ్మా అన్నాడు. సరే, మొద్దు చిన్నది చూసుకో అన్నాను. భార్య వచ్చి, రాత్రి సంగటి ముద్ద తనే చేసుకుని తిన్నాడక్కా, ముద్ద వంకర టింకరగా ఉండాది, నేను ఏమీ అనలేదు అని చెప్పింది.

అక్షయ తదియ పొద్దున్నే జనం చేరినారు. డాక్టరు గారు కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాడు. గుత్తదారు దూరంగా నిలబడినాడు, కోడలికి ఆడపిల్ల పుట్టి పదకొండో దినం కూడా అయిపోయింది, ఆయనకు నా మీంద కోపం లేదు. మేస్త్రి తలస్నానం చేసి, తలకు గుడ్డ చుట్టుకుని, కమాను కిందికి పోయినాడు. అందర్నీ వెనక్కి పొమ్మన్నాడు. సుత్తి కుడి చేతికి తీసుకున్నాడు. మొదటి దెబ్బకు చీల కదల్లేదు. రెండో దెబ్బకు కూడా కదల్లేదు. భార్య నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునిందంటే గోర్లు దిగినాయి. మేస్త్రి ఆగి, మణికట్టు ఒకసారి తిప్పుకుని, మళ్ళీ కొట్టినాడు. చీల ఊడింది. అటు పక్కది కూడా ఊడింది. అచ్చు వేలెడు కిందికి దిగింది, పైనుంచి సున్నం పొడి జలజల రాలింది. మేస్త్రి సుత్తి కింద పెట్టి, చేతులు కట్టుకుని, సరిగ్గా నడిమి రాయి కింద నిలబడినాడు. కమాను నిలబడింది.

బెల్లం పంచినారు. డాక్టరు గారు కమానును చెయ్యి పెట్టి తట్టి చూసినాడు. నేను లోపలికి పోబోతా ఉంటే మేస్త్రి పిలిచినాడు.

"నర్సమ్మా, నా అచ్చు నేను విప్పి కింద నిలబడినాను. నువ్వు కూడా ఒక అచ్చు విప్పినావు. కింద ఎప్పుడు నిలబడతావు?"

నాకు అర్థమయ్యేలోపలే మిగిలిపోయిన రాళ్ళలో నుంచి ఒకటి తీసినాడు, పెద్ద కొబ్బరికాయంత ఉంటాది. కుడి చేత్తో పట్టుకున్నాడు. మెట్టు చూపించి కూర్చోమన్నాడు. నీకేమన్నా తిక్క పట్టిందా, నా తలకాయే దొరికిందా అని తిట్టినాను. జనమంతా నవ్వుతా ఉండారు. మేస్త్రి నవ్వలేదు. రాయి పట్టుకుని ఎదురు చూస్తా ఉండాడు. నేను ఇంక ఒక్క మాట అనుంటే ఆయన ఏమీ అనకుండా రాయి దించేసి ఉంటాడు, నాకు తెలుసు. దించి, ఆ చేతిని ఇంక నమ్మకుండా బతుకుతాడు. అది కూడా తెలుసు.

చీర కుచ్చెళ్ళు సర్దుకుని మెట్టు మీంద కూర్చున్నాను. డాక్టరు గారు లేచి నిలబడి, ఏందమ్మా ఇది, ఏందమ్మా ఇది అని కన్నడంలో అడగతా ఉండాడు. కొంచెం అర్థమయ్యేట్టు చెప్పేదానికి నాకు తీరిక లేదు. మేస్త్రి రాయి పైకెత్తి, నా తల మీందికి తెచ్చి, ఆపినాడు. నేను కండ్లు మూసుకోలేదు. భయమేసింది, నిజం చెప్తా ఉండాను. తల ఎత్తి మణికట్టునే చూస్తా కూర్చున్నాను. సన్నటి చెయ్యి, నరాలు తేలినాయి. నాకు కండ్లలో నీళ్ళు తిరిగినాయి, ఎందుకో చెప్పలేను, అంత సంతోషం నాకు ఏ కాన్పులోనూ కలగలేదు.

"చూడమ్మా," అన్నాడు మేస్త్రి పైనుంచి. "కదిలిందా?"

"కదల్లేదప్పా," అన్నాను.